అత్తయ్యగారి తడిక

"ఇంట్లో గోడ కడతారటగా?" అని అడిగారు అత్తయ్యగారు. నేను సింకు దగ్గర పప్పు కుక్కరు తోముతున్నాను. "అవునండీ, మీకు గది చేద్దామని" అన్నాను, వెనక్కి తిరక్కుండానే. కాసేపు ఏమీ మాట్లాడలేదావిడ. తరవాత మెల్లిగా, "నాకోసం ఇల్లు రెండు చెయ్యకండమ్మా. నన్ను ఊరికి పంపించెయ్యండి. కొడుకింట్లో గోడ పెట్టించిందన్న పేరు నాకెందుకు?" అన్నారు.

చేతిలో పీచు చేతిలోనే ఉండిపోయింది. గది కట్టిస్తామంటే సంతోషిస్తారనుకున్నాను. పైగా ఆ గోడ ఆలోచన ఎక్కణ్ణుంచి పుట్టిందో ఆవిడకి తెలుసని నాకు అప్పుడే అర్థమైంది.

మేముండేది డాలస్ శివార్లలో. రెండంతస్తుల ఇల్లు. పడకగదులన్నీ పైనే. కింద వంటిల్లు, టీవీ చూసే గది, ఒక స్నానాలగది, వీధి తలుపు తియ్యగానే పక్కన ఫార్మల్ డైనింగ్. ఈ చివరిది మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. ఇల్లు కొన్న కొత్తలో మురిసిపోయి ఎనిమిది కుర్చీల బల్ల కొంటాం. దానిమీద ఏడాదికి రెండుసార్లు భోజనాలు. మిగతా రోజులు ఉతికిన బట్టల కుప్పలు, ఇండియా ప్రయాణమప్పుడు సూట్‌కేసుల తూకాలు.

మావయ్యగారు పోయాక అత్తయ్యగారు ఊళ్ళో ఒక్కరే ఉండలేక గ్రీన్ కార్డు మీద మా దగ్గరికి వచ్చేశారు. మావారు ఒక్కడే కొడుకు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. వాకర్ లేనిదే నాలుగడుగులు వెయ్యలేరు. పైకి వెళ్ళాలంటే 15 మెట్లు. అందుకని ఆ పెద్ద బల్లని గరాజ్‌లోకి నెట్టేసి, డైనింగ్ గదిలో ఆవిడకి మంచం వేశాం. మూడు పక్కలా గోడలున్నాయి. నాలుగో పక్క, హాలు వైపు, 12 అడుగుల మేర అంతా ఖాళీ. అక్కడ ఒక కడ్డీ బిగించి పరదా వేలాడదీశాం.

ఆ పరదా వెనక ఆరునెలలు ఉన్నారావిడ. కాలింగ్ బెల్ మోగితే చాలు, పైట సర్దుకుని లేచి కూర్చునేవారు. మా అమ్మాయి స్నేహితులొస్తే పడుకుని నిద్ర నటించేవారు. నా ఆఫీసు కాల్స్ వంటింట్లోనే. పొద్దున్న ఆరింటికి నేను గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని, ఆవిడ దగ్గు ఆపుకునేవారు. ఇద్దరం ఒకరికోసం ఒకరం బిగబట్టుకుని బతుకుతున్నామన్నమాట. అది మర్యాదే. కానీ ఆరునెలల మర్యాద మనిషిని అలిసిపోయేలా చేస్తుంది.

ఒకరోజు రాత్రి మా చెల్లితో ఫోన్‌లో వాగేశాను. "నా ఇంట్లో నేనే గుసగుసలాడుకుంటూ తిరుగుతున్నానే. మధ్యలో ఒక గోడన్నా లేకపోతే ఇంకెన్నాళ్ళిలా?" అన్నాను. హాల్లో నిలబడే అన్నాను. పరదాకి పదడుగుల దూరంలో.

ఆవిడ విన్నారు. విన్నట్టు ఎప్పుడూ అనలేదు. ఆ పొద్దున్న సింకు దగ్గర అడిగిన ప్రశ్నే దానికి జవాబు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఆవిడ మంచం మీద కూర్చుని "తప్పుగా మాట్లాడానండీ" అన్నాను. "నీ తప్పేం లేదమ్మా, నాకు గోడంటేనే భయం" అని ఒక సంగతి చెప్పారు. నేను ఆ ఇంటికి కోడలినై పద్ధెనిమిదేళ్ళయినా ఎప్పుడూ వినని సంగతి.

గోదావరి జిల్లాలో మా అత్తవారిది మండువా లోగిలి. పెద్దమావయ్యగారు, మావయ్యగారు, ఇద్దరన్నదమ్ముల కుటుంబాలు అందులోనే. 1986లో తాతగారు పోయిన ఏడాదే వాటాలు వేసుకున్నారు. పెద్దమనుషులు కూర్చుని నడి మండువాలో తాడు లాగి సున్నంతో గీత గీశారు. వారం తిరక్కుండా తాపీమేస్త్రి వచ్చి గీతమీద తొమ్మిదంగుళాల ఇటుక గోడ లేపేశాడు. నుయ్యి అటు పోయింది, గాదె ఇటు వచ్చింది. అత్తయ్యగారికీ తోడికోడలికీ ఏ పేచీ లేదు. ఇద్దరూ ఒక రోట్లో పప్పు రుబ్బుకున్నవాళ్ళు. "గోడ లేచాక అక్క గొంతు వినపడేది కాదు. ఆవిడకి ఉబ్బసం. రాత్రిళ్ళు గోడకి చెవి పెట్టి ఉండేదాన్ని, దగ్గుతోందేమోనని. ఇటుక కదమ్మా, ఏమీ తెలిసేది కాదు" అన్నారు. ఆ తోడికోడలు పోయిన సంగతి కూడా తెల్లారాక పాలవాడు చెబితేనే తెలిసిందట.

నాకు నోట మాట రాలేదు. మన భాషలో "ఇంటి మధ్య గోడ లేచింది" అంటే ఒకటే అర్థం. ఆవిడకది అర్థం కూడా కాదు, జ్ఞాపకం.

"ఇది ఆ గోడ కాదండీ. దీనికి తలుపుంటుంది. మీ చేతులతో మీరే దగ్గరుండి కట్టించండి" అన్నాను. ఏదో నోటికొచ్చింది అనేశాను గానీ, చివరికి అలాగే జరిగింది.

కట్టేవాళ్ళని ఇద్దర్ని పిలిచాం. ఒకాయన చెప్పిన ధర విని మావారు మంచినీళ్ళు తాగారు. రెండో ఆయన మళ్ళీ ఫోనే ఎత్తలేదు. మా పక్కింటి పెద్దాయన ముప్ఫై ఏళ్ళు ఇళ్ళ చట్రాలు కట్టి రిటైరయిన అమెరికన్. విషయం విని, "నా భుజం పోయింది, నేను కట్టలేను. కానీ నీకు నేర్పగలను. పన్నెండడుగుల గోడకి కంపెనీ ఎందుకు?" అన్నాడు. మావారికి సోమవారం నుంచి గురువారం దాకా వేరే ఊళ్ళో పని. ఇక మిగిలింది నేనూ, పద్నాలుగేళ్ళ మా అమ్మాయీ, మంచం మీద కూర్చుని చూసే అత్తయ్యగారూ.

ముందు పర్మిట్. పడకగది అనిపించుకోవాలంటే మనిషి బయటపడగలిగే కిటికీ ఉండాలి. మాకు వర్తించే నియమాల ప్రకారం కిటికీ తెరిస్తే కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు సందు రావాలి, మొత్తం సందు వైశాల్యానికి మళ్ళీ వేరే లెక్క. కిటికీ అడుగు నేలనుంచి 44 అంగుళాలు మించకూడదు. గదిలో పొగ అలారం ఉండాలి. అదృష్టవశాత్తూ మా కిటికీ తెరుచుకునేదే. చాలా ఇళ్ళలో వీధివైపు కిటికీలకి అద్దం బిగించేసి ఉంటుంది, ముందే చూసుకోండి. కరెంటు పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే ఇచ్చాం. అందులో పొదుపు పనికిరాదు.

రెండోది నేల. ఇక్కడి ఇళ్ళకి పునాది అంటే ఒకటే పెద్ద కాంక్రీటు పలక. పెద్దాయన మా గరాజ్‌లోకి తీసుకెళ్ళి నేలమీద ఒక ముద్ర చూపించాడు. ఇది పోస్ట్ టెన్షన్ స్లాబ్ అని, డ్రిల్లు పెట్టే ముందు జాగ్రత్త అని దాని సారాంశం. కాంక్రీటు లోపల ఉక్కు తీగల్ని వీణ తీగల్లా బిగించి ఉంచుతారట. ఒక్కటి తెగినా మనిషికీ ఇంటికీ ప్రమాదమే. మా చుట్టుపక్కల నేల వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయే బంకమట్టి కాబట్టి ఇలాంటి పునాదులు ఎక్కువ. అందుకని లోతుగా మేకులు దించకుండా, జిగురు వేసి పైపైన మాత్రమే బిగించాం. నేలమీదున్న లామినేట్‌ని గోడ వచ్చే మేర కోసి తీసేశాం. అది కింద అంటుకోకుండా తేలుతూ ఉండే చెక్క. దానిమీద గోడ నిలబెడితే ఎండా వానలకి సాగడానికి చోటు లేక పైకి ఉబుకుతుంది.

ఇక కర్రలు. కొట్లో టూ బై ఫోర్ అని అమ్ముతారు. కొలిస్తే ఒకటిన్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు. రంపం మీద ఉన్నప్పటి కొలత పేరులో ఉండిపోయింది, ఆరబెట్టి చిత్రిక పట్టాక మిగిలింది ఇంత. నేను అక్కడే "మోసం కదా!" అంటే పెద్దాయన నవ్వాడు. ఒక్కో కర్రనీ ఎత్తి, ఒక కన్ను మూసి, చివరనుంచి చివరకి చూడమన్నాడు. వంకరుందా, మెలి తిరిగిందా, బుడిపెలున్నాయా? పదికి నాలుగు పక్కన పడేశాం. బెండకాయలు కొస విరిచి చూసి ఏరుకునే జాతి మనది, నాకిది కష్టమనిపించలేదు. కాస్త వంపున్న కర్రలు పనికొస్తాయి గానీ, అన్నిటి వంపూ ఒకే వైపుకి తిప్పి పెట్టాలి. లేకపోతే గోడ అలలు అలలుగా కనిపిస్తుంది.

గోడ కట్టడం ఇంతే. నేలమీద ఒక అడ్డ కర్ర, సీలింగుకి ఒక అడ్డ కర్ర, రెండిటి మధ్యా నిలువు కర్రలు. నిలువు కర్రని స్టడ్ అంటారు. కాంక్రీటుని తాకే అడుగు కర్ర మాత్రం మందు పట్టించిన చెక్క అయ్యుండాలి, చెమ్మకీ చెదలకీ. పై కర్రని ఉత్త సీలింగు అట్టకి కాకుండా, దాని వెనకున్న దూలాలకి బిగించాలి. మా గోడ దూలాలకి అడ్డంగా వచ్చింది కాబట్టి ప్రతి దూలానికీ స్క్రూ దిగింది. పైనుంచి దారానికి గుండు కట్టి వదిలి, అది ఎక్కడ ఆగిందో అక్కడ కింద గుర్తు పెట్టాం. అత్తయ్యగారు ఆ గుండు చూడగానే మొదటిసారి మంచం మీంచి ముందుకి వంగారు. "మా తాపీమేస్త్రి కూడా ఇదే వాడేవాడు. ఊగుతుండగా గుర్తు పెట్టకు, ఆగనీ" అన్నారు. నిజమే, నేను తొందరపడుతున్నాను.

స్టడ్‌కీ స్టడ్‌కీ మధ్య దూరం, నడిమి నుంచి నడిమికి, 16 అంగుళాలు. ఎందుకంటే గోడకి కొట్టే డ్రైవాల్ పలక వెడల్పు 48 అంగుళాలు. మూడు పదహార్లు నలభై ఎనిమిది. పలక అంచు సరిగ్గా ఒక స్టడ్ నడిమి మీదికి రావాలి, పక్క పలక అంచు కూడా దానిమీదే ఆనాలి కాబట్టి. అందుకని మొదటి గుర్తు 16 దగ్గర కాకుండా పావు తక్కువ 15న్నర దగ్గర, అంటే 15 పావు దగ్గర పెట్టాలి. కర్ర మందంలో సగం, ముప్పావు అంగుళం, వెనక్కి జరపడమన్నమాట. ఈ లెక్క మా అమ్మాయి నాకంటే ముందు పట్టేసింది.

పైనా కిందా కర్రలు బిగించేశాక కదా అని ఒకే కొలతకి అన్ని స్టడ్‌లూ కోసేద్దామనుకున్నాను. పెద్దాయన ఆపాడు. ప్రతి గుర్తు దగ్గరా విడిగా కొలిస్తే ఒక చోటికీ ఇంకో చోటికీ పావంగుళం పైనే తేడా వచ్చింది. కంటికి సమంగా కనబడే సీలింగు సమంగా లేదు. దేనికది కొలిచి, కర్రమీద నంబరు వేసి, కోశాం. టేపు ఒక కొస అత్తయ్యగారు పట్టుకునేవారు. అంకెలు ఆవిడే పైకి చదివి నాచేత మళ్ళీ చెప్పించేవారు. రెండుసార్లు కొలవడం, ఒకసారి కొయ్యడం. మూడోరోజుకి, నేను అడగకుండానే, పొద్దున్నే టేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చునున్నారు.

తలుపు దగ్గర నేను బోల్తా పడ్డాను. వాకర్ సులువుగా పట్టాలని 36 అంగుళాల తలుపు కొన్నాం. దాని చట్రం పట్టడానికి 38 అంగుళాల ఖాళీ వదలాలి. నేను లెక్కగా 38 అంగుళాలు వదిలి రెండు పక్కలా నిండు స్టడ్‌లు నిలబెట్టేశాను. మర్నాడు గుర్తొచ్చింది, వాటి లోపలి పక్కన, తలుపు పైనుండే అడ్డ కర్రని మోసే పొట్టి కర్రలు ఇంకో రెండు రావాలని. ఒక్కోటీ ఒకటిన్నర అంగుళం. మూడంగుళాలు అవే మింగేశాక మిగిలింది 35. అంటే మొదట వదలాల్సింది 41. ఒక పూటంతా కష్టపడి కొట్టిన మేకులు ఇంకో పూటంతా పీకాను. ఏడుపొచ్చింది. అత్తయ్యగారు మజ్జిగ ఇప్పించి, "జాకెట్టు కుట్టేటప్పుడు కుట్లలోకి పోయే గుడ్డ వదలకపోతే ఇలాగే అవుతుంది. మొదటి జాకెట్టు ఎవరికీ సరిపోదులే" అన్నారు.

నిలువు కర్రలన్నీ లేచాక, నేను బజారుకెళ్ళి వచ్చేసరికి ఇంట్లో సాంబ్రాణి వాసన. అత్తయ్యగారు తలుపు ఖాళీ దగ్గర కుర్చీ వేసుకుని వంగి, అడుగు కర్రకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేశారు. ఆ రోజు శుక్రవారం. "మీ అమెరికా గుమ్మాలకి గడపలుండవనుకున్నాను. దీనికుందే!" అన్నారు, మొహమంతా వెలిగిపోతూ. మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు ద్వారబంధం ఎత్తడమంటే ఎంత వేడుకో మీకు తెలుసు. ముహూర్తం, మామిడాకులు, గడప కింద నవధాన్యాలు. ఆవిడ తన వంతు చేసుకున్నారు.

చిక్కేమిటంటే, అది గడప కాదు. గోడ వంకర పోకుండా ఉండడానికి అడుగు కర్రని ముందు ఈ కొసనుంచి ఆ కొసకి ఒకటే ముక్కగా వేస్తారు. గోడ నిలబడ్డాక తలుపు మేర ఉన్న ముక్కని కోసి తీసేస్తారు. అందుకే అక్కడ జిగురు కూడా వెయ్యలేదు. ఉంచేస్తే ఒకటిన్నర అంగుళం ఎత్తు. వాకర్ చక్రం దానికి తట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రెండు రోజులు చెప్పలేకపోయాను. మూడోరోజు చెప్పాను. ఆవిడ వాకర్ వైపు చూశారు, గడప వైపు చూశారు. "పసుపు రాసింది చెత్తలో పడెయ్యకూడదమ్మా" అని మాత్రం అన్నారు.

దానికి దారి ఆవిడ అడిగిన ఇంకో ప్రశ్నలోనే దొరికింది. "మీ మావయ్యగారి ఫొటో ఎక్కడ తగిలిస్తాం? ఈ అట్ట మేకుని ఆపుతుందా?" అన్నారొకసారి. అరంగుళం మందం జిప్సమ్ అట్ట అది. తేలికపాటి పటాన్ని ఆపుతుంది గానీ, బరువైన పటాన్నీ దేవుడి అరనీ నమ్మకంగా ఆపదు. అందుకని గోడ మూసెయ్యకముందే, బరువు పడే చోట రెండు స్టడ్‌ల మధ్య అడ్డంగా చెక్క ముక్కలు బిగించుకోవాలి. దీన్ని బ్లాకింగ్ అంటారు. స్టడ్‌ల మధ్య ఖాళీ పద్నాలుగున్నర అంగుళాలు. కోసి తీసిన గడప 38 అంగుళాలు. అందులోంచి సరిగ్గా రెండు ముక్కలు వచ్చాయి. ఒకటి మావయ్యగారి ఫొటో వచ్చే చోట, ఒకటి దేవుడి అర వచ్చే చోట, పసుపు రాసిన వైపు గదిలోకి ఉండేలా బిగించాం. ఆవిడ లేచి నిలబడి పట్టుకోవడానికి మంచం పక్కన కడ్డీ వస్తుంది కాబట్టి, అక్కడ ఇంకా వెడల్పాటి చెక్క వేశాం. గోడ మూసేలోగా తనిఖీకి వచ్చినాయన ఆ పసుపు చూసి, ఇదేం గుర్తని అడిగాడు. "మా వడ్రంగి గుర్తు" అంది మా అమ్మాయి. ఆయన తలూపి సంతకం పెట్టాడు.

ఇక దూది సంగతి. గోడ లోపల శబ్దం ఆపడానికి రాతి ఉన్నితో చేసిన దళసరి పరుపుల్లాంటివి పెడతారు. నేను ఎప్పుడో కొని గరాజ్‌లో పెట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, ఈ గోడలో నాకు అన్నిటికంటే కావలసింది అదే. గట్టిగా మాట్లాడుకోవడానికి, మావారితో హాయిగా పోట్లాడుకోవడానికి, చెల్లితో ఫోన్లో నోరారా నవ్వడానికి. కట్ట విప్పుతుంటే ఆవిడ అడిగారు, అదేమిటని. చెప్పాను.

"అది పెడితే నేను పిలిచినా మీకు వినపడదా?"

"తలుపు వేసుంటే అంతగా వినపడదండీ."

"అయితే వద్దమ్మా. రాత్రి దగ్గితే ఎవరికైనా తెలియాలి కదా" అన్నారు. ఆ తోడికోడలి పేరు ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు.

పిలుపు గంట పెడతామన్నాను. ఫోను పెడతామన్నాను. అన్నిటికీ సరేనన్నారు గానీ మొహం తేలికపడలేదు. ఆ రాత్రి ఖాళీ కర్రల మధ్యనుంచి ఆవిడ మంచం కనబడుతుంటే హాల్లో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నాకు వినపడకూడదు, ఆవిడకి వినపడాలి. ఒకే గోడ రెండూ చెయ్యలేదు. మర్నాడు ఆ కట్టలు కొట్లో తిరిగి ఇచ్చేసి వచ్చాను. త్యాగమని అనుకోకండి, దారంతా సణుక్కుంటూనే వెళ్ళాను.

శని, ఆదివారాల్లో మావారు, పెద్దాయన కొడుకు కలిసి డ్రైవాల్ పలకలు ఎత్తి బిగించారు. అతుకుల మీద కాగితం పట్టీ వేసి, పైన తెల్లటి ముద్ద మూడు పూతలు. ఒకటి ఆరాక ఒకటి, ప్రతిసారీ ఇంకాస్త వెడల్పుగా. ఆ ముద్దని ఇక్కడి పనివాళ్ళు మడ్ అనే అంటారు, మట్టి అని. ఆ మాట విని అత్తయ్యగారు పకపకా నవ్వారు. ఆవిడ అంతలా నవ్వగా చూడడం అదే మొదలు.

"ఇది గోడ కాదే! తడిక!" అన్నారు. "మా అమ్మమ్మగారింట్లో వంటింటికీ పడకటింటికీ మధ్య ఇదే. వెదురు కర్రలు పాతి, అడ్డంగా బద్దలల్లి, రెండు పక్కలా మట్టి మెత్తేవారు. పైన సున్నం. ఏటా సంక్రాంతికి మేమే మెత్తేవాళ్ళం. ఇలా తే" అని చేతిలో రేకు తీసుకున్నారు. మూడు అతుకులకి మూడో పూత ఆవిడ కూర్చుని వేసిందే. నేను వేసినచోట గీతలు కనిపిస్తాయి. ఆవిడ వేసినచోట కనిపించవు.

అంతవరకూ నాకు తోచనేలేదు. కర్ర చట్రానికి రెండు పక్కలా మెత్తడమనేది అమెరికా వాళ్ళ సొంత విద్య అనుకున్నాను. సన్నటి కోత కర్రలతో, మేకులతో ఇళ్ళు లేపడం ఇక్కడ 1830ల ప్రాంతంలో చికాగో వైపు ఊపందుకుందని చదివాను. జిప్సమ్ పలకకి ఆగస్టిన్ శాకెట్ అనే ఆయన 1894లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ముందు ఇక్కడివాళ్ళూ చెక్క బద్దలు కొట్టి వాటిమీద ముద్ద మెత్తుకున్నవాళ్ళే. అత్తయ్యగారి అమ్మమ్మకి ఇవేవీ చెప్పనక్కర్లేదు.

"తడిక ఇళ్ళలో అంతా వినపడుతుంది కదండీ, ఎలా ఉండేవారు?" అని అడిగాను.

"వినపడేది. విననట్టు ఉండేవాళ్ళం" అన్నారు. కాస్త ఆగి, "నువ్వు మీ చెల్లెలితో అన్నదీ అలాగే విననట్టు ఉండాల్సింది. ముసలితనం, ఓర్పు తగ్గింది" అన్నారు.

నాకేం చెప్పాలో తెలియలేదు. రేకు కడిగి తెచ్చి ఇచ్చాను.

చెక్కకి, అట్టకి, తలుపుకి, రంగుకి అన్నిటికీ కలిపి మాకు వెయ్యి డాలర్ల లోపే అయింది. ఎలక్ట్రీషియన్‌కీ పర్మిట్‌కీ వేరే. ఐదు వారాంతాలు, ఒక నల్లబడ్డ బొటనవేలు గోరు. మీలో ఎవరైనా అమ్మకో అత్తయ్యకో కింద గది చేయాలనుకుంటే నేను చెప్పేది నాలుగే మాటలు. కిటికీ తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. నేల ఎలాంటిదో తెలుసుకోకుండా డ్రిల్లు పెట్టకండి. తలుపు వెడల్పు ఇవాళ్టి నడకకి కాకుండా ఐదేళ్ళ తరవాతి నడకకి చూసుకోండి. గోడ మూసే ముందు, ఆ గదిలో ఉండబోయే మనిషిని పిలిచి, ఎక్కడ ఏం తగిలించుకుంటారో, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనుతుందో అడగండి. అన్నిటికన్నా ముందు, అసలు గది కావాలా అని అడగండి. నేను అడగలేదు.

గది పూర్తయి నాలుగు నెలలైంది. లేత పసుపు రంగు వేశాం. మావయ్యగారి ఫొటో ఆయన గడప మీదే ఉంది, బయటికి కనపడకపోయినా. ఇప్పుడు కాలింగ్ బెల్ మోగితే అత్తయ్యగారు పడుకునే ఉంటారు. మా అమ్మాయి స్నేహితులొస్తే, మాట్లాడాలనిపిస్తే తలుపు తీస్తారు, లేకపోతే లేదు. నేనూ మామూలు గొంతుతోనే మాట్లాడుతున్నాను. మరీ చెప్పకూడనివి ఉంటే గరాజ్‌లోకి వెళ్ళి, పాత డైనింగ్ బల్ల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాను.

మొన్నొక పొద్దున్న ఆరింటికి కాఫీ కలుపుతుంటే గోడ అవతల్నుంచి గొంతు వినపడింది. ఫోనేమో అనుకున్నాను. కాదు. ఫొటోతో మాట్లాడుతున్నారు. అబ్బాయికి తిరుగుడు ఎక్కువైందని, మనవరాలు మీ పోలికేనని, ఈ ఊరి చలికి కాళ్ళు పట్టేస్తున్నాయని. పరదా వెనకున్న ఆరునెలల్లో ఒక్కసారీ ఇలా మాట్లాడగా వినలేదు. నాకు శబ్దం లేని చోటు కావాలనుకున్నాను గానీ, అలాంటి చోటు ఆవిడకీ కావాలని తోచలేదు. ఆవిడ మొగుడు పోయిన మనిషి. ఏడవడానికైనా, మాట్లాడుకోవడానికైనా ఒక తలుపు లేకుండా ఉన్నారు ఇన్నాళ్ళూ.

తరవాతి మాటల్లో నా పేరు వచ్చింది. ఏమంటారో వినాలని కాళ్ళు అక్కడే నిలబడ్డాయి. గోడలో దూది లేదు, నిలబడితే అంతా వినపడుతుంది.

కాఫీ గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. మాటలు అయిపోయాయనిపించాక లోపలికొచ్చి, గిన్నెలు కాస్త చప్పుడు చేసి, తలుపు కొట్టాను.

"లేచారా అత్తయ్యా, కాఫీ తేనా?"

"ఇప్పుడే లేచానమ్మా. తే" అన్నారు లోపల్నుంచి.